పిన్నీసులా, స్ప్రేనా, కచ్చా కుట్టా? క్విల్ట్ పొరల్ని పట్టి ఉంచే పద్ధతుల మీద రివ్యూ

క్విల్టింగ్, అంటే దుప్పటి పొరల్ని కలిపి కుట్టే పని, అంతా అయ్యాక తిరగేసి చూస్తే అడుగు గుడ్డలో ఓ మడత కుట్టు కింద ఇరుక్కుని ఉంటుంది. తిట్లు మిషన్‌కి పడతాయి గానీ, తప్పు చాలాసార్లు అంతకుముందే, మూడు పొరలూ (పై గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ అనే మెత్తటి పొర, అడుగు గుడ్డ) పరిచినప్పుడే జరిగిపోతుంది. పిన్నీసులు వాడినా స్ప్రే కొట్టినా ఈ పరిచే పని ఒకటే కాబట్టి ముందు దాని సంగతి.

అడుగు గుడ్డను ఇస్త్రీ చేసి, తిరగేసి నేల మీద పరిచి, మాస్కింగ్ టేపుతో అంటించాలి. ఒక అంచు మధ్యలో, వెంటనే దాని ఎదుటి అంచు మధ్యలో, ఆ తర్వాత మూలల వైపు. గుడ్డ బిగువుగా ఉండాలి గానీ సాగకూడదు. అరచేత్తో రాస్తే ముడత లేవకూడదు, టేపు దగ్గర నేత పోగులు వంకరపోకూడదు. సాగదీసి అంటించిన గుడ్డ టేపు తీయగానే వెనక్కి ముడుచుకుంటుంది, పైనున్న రెండు పొరలూ ముడుచుకోవు. మడతలు పుట్టేది అక్కడే. బ్యాటింగ్, అడుగు గుడ్డ రెండూ పై గుడ్డకన్నా ప్రతి వైపూ 2 నుంచి 3 అంగుళాలు ఎక్కువ ఉండాలి. బ్యాటింగ్‌ని ప్యాకెట్ విప్పి ఒక రాత్రి పరిచి ఉంచితే మడతల గుర్తులు చాలావరకు పోతాయి. లాంగ్ ఆర్మ్ మిషన్‌కి (క్విల్ట్‌ని ఫ్రేముకి బిగించి కుట్టే పెద్ద మిషన్) ఇచ్చేవాళ్లకు ఈ తిప్పలేవీ లేవు, పొరల్ని దాని ఫ్రేమే పట్టుకుంటుంది.

ఇంటి మిషన్ మీద కుట్టే పెద్ద క్విల్ట్‌కి నా ఓటు పిన్నీసులకే. అయితే మామూలు పిన్నీసులు కావు, క్విల్టింగ్ కోసం చేసిన వంపు పిన్నీసులు. తిన్నని పిన్నీసుని నేల మీదున్న గుడ్డలోంచి గుచ్చి పైకి తేవాలంటే గుడ్డను ఎత్తక తప్పదు, ఎత్తినప్పుడల్లా పొరలు జరుగుతాయి. వంపు ఉంటే మొన దానంతటదే పైకి లేస్తుంది. 1వ నంబరు సైజు చాలావాటికి సరిపోతుంది. 2వ నంబరు దళసరి బ్యాటింగ్‌కి ఉంచుకోండి. బతిక్ లాంటి బిగుతు నేత గుడ్డల్లో లావు పిన్నీసు చేసిన కన్నం త్వరగా పూడదు.

దూరం బెత్తెడు, అంటే 3 నుంచి 4 అంగుళాలు. క్విల్ట్ మీద ఎక్కడ అరచెయ్యి ఆనించినా ఒక పిన్నీసు తగలాలి. 60 x 80 అంగుళాల క్విల్ట్‌కి 4 అంగుళాలకొకటి చొప్పున 300 దాకా పడతాయి, యాభై ఉన్న డబ్బా కొని మొదలుపెట్టకండి. మధ్య నుంచి అంచులకు గుచ్చుకుంటూ రండి, కుట్టు గీత వచ్చే చోటు వదిలేయండి. అన్నీ గుచ్చాకే మూయడం మొదలుపెట్టాలి, ఎందుకంటే మూసేటప్పుడు పడే లాగుడుకి పక్కనున్న గుడ్డ కదులుతుంది. వేళ్లు నొప్పెడితే టీ చెంచా అంచుతో మొనను ఎత్తి మూయొచ్చు. కుట్టేటప్పుడు మిషన్ పాదం దగ్గరికి వచ్చేలోపే పిన్నీసు తీసేయాలి, దాని మీంచి కుడితే సూది విరుగుతుంది. నెలల తరబడి ఉంచితే తుప్పు మరక పడే ప్రమాదం ఉంది, ఆ మరక ఉతికినా వదలదు.

స్ప్రే అంత హాయి ఇంకోటి లేదు, 45 అంగుళాల లోపు క్విల్ట్‌కైతే. డబ్బా మీద 'తాత్కాలికం' అని ఉందో లేదో చూడండి, చేతిపనులకు వాడే శాశ్వత జిగురు స్ప్రే ఇందుకు పనికిరాదు. కొట్టాల్సింది గుడ్డ మీద కాదు, బ్యాటింగ్ మీద. 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి పలచగా. బ్యాటింగ్‌ని సగం వెనక్కి మడిచి, మడిచిన సగానికి కొట్టి, అడుగు గుడ్డ మీదకి నెమ్మదిగా దింపుతూ మధ్య నుంచి అరచేత్తో సాపు చేయాలి. తర్వాత రెండో సగం. పై గుడ్డకీ అదే వరస. ముడత వస్తే లేపి మళ్లీ పరుచుకోవచ్చు, పిన్నీసుల్లో లేని సౌఖ్యం ఇదే.

తడి మచ్చ కనిపించిందంటే ఎక్కువైనట్టే. ఆ జిగురు సూదికి పట్టి కుట్లు తప్పుతాయి, దారం పీచులేస్తుంది. సూదిని ఊడదీసి స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడవండి. క్విల్ట్ చుట్టూ నేల మీద పాత దుప్పటి పరవకపోతే మర్నాడు అక్కడ నడిచేవాళ్ల పాదాలు అంటుకుంటాయి. కిటికీలు తెరవాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఉబ్బెత్తు పాలిస్టర్ బ్యాటింగ్‌కి స్ప్రే పై నూగుని మాత్రమే పట్టుకుంటుంది, లోపలి భాగం జారుతూనే ఉంటుంది. అంచుల వెంట కొన్ని పిన్నీసులు పెట్టుకోవడం ఎలాగూ మంచిది.

చేత్తో క్విల్ట్ చేసేవాళ్లు మాత్రం కచ్చా కుట్టు వదలకండి. గుడ్డను బిగువుగా పట్టే రింగు బిగించడానికి పిన్నీసులు అడ్డం, దారం అడ్డం కాదు. పైగా నెలలు గడిచినా తుప్పు పట్టదు. పొడవు సూది, తెల్ల నూలు దారం, అంగుళంన్నర నుంచి రెండంగుళాల కుట్లు, వరసకీ వరసకీ 4 అంగుళాలు, మధ్య నుంచి బయటికి. ముదురు రంగు దారం వద్దు, లేత గుడ్డలో దాని రంగు పీచు మిగిలిపోతుంది. మిషన్ కుట్టుకైతే ఇదే పద్ధతి తలనొప్పి. మిషన్ కుట్టు కచ్చా దారం మీంచి పోయిందంటే దాన్ని ముక్కముక్కలుగా కత్తిరించి చిమటాతో పీకాలి.

ఇస్త్రీతో అతుక్కునే బ్యాటింగ్ చిన్న పిల్లల దుప్పటి దాకా బాగానే ఉంటుంది. అంతకన్నా పెద్దదైతే ఇస్త్రీ బల్ల మీద ఒక పక్క అతికించేలోపు రెండో పక్క బరువుకి కిందికి జారుతుంటుంది.