కొలోస్టమీ సంచి: శ్రీకాకుళం ఉక్కలో కొన్నేళ్ల వాడకం

నా మలాశయంలోని క్యాన్సర్ కణితి మలద్వారపు కండరానికి మరీ దగ్గరగా ఉన్నందున ఆ భాగాన్ని పూర్తిగా తొలగించి, పెద్దపేగు కొసను పొట్టకు ఎడమవైపున బయటకు తెచ్చి కుట్టారు. ఈ ఏర్పాటే కొలోస్టమీ, బయటికి కనిపించే ఆ పేగు నోరే స్టోమా. అప్పటి నుంచి మలం చేరే సంచి నా ఒంటి మీదే ఉంటోంది. చర్మానికి అంటుకునే ప్లేటు, దానికి తగిలించే సంచి విడివిడిగా ఉండే రకాన్ని ఎక్కువ కాలం వాడాను. రెండూ కలిసే ఉండే రకాన్నీ వాడి చూశాను.

సంచి ఎంత ఖరీదైనదైనా, ప్లేటుకు రంధ్రం సరిగ్గా కత్తిరించకపోతే ప్రయోజనం లేదు. స్టోమా చుట్టూ 2, 3 మిల్లీమీటర్లకు మించి ఖాళీ వదిలితే మలం తగిలి చర్మం పుండు పడుతుంది. మరీ బిగిస్తే పేగు అంచు ఒరుసుకుంటుంది. పైగా ఆపరేషన్ తరువాత 6 నుంచి 8 వారాల పాటు వాపు తీసి స్టోమా చిన్నదవుతూ ఉంటుంది కాబట్టి, తొలినాళ్లలో ప్లేటు మార్చిన ప్రతిసారీ కొలత తీసుకోవలసిందే. స్టోమాకు నొప్పి తెలియదు. అందుకే దాని రంగును కంటితో చూసుకోవాలి: ఎర్రగా, తడిగా ఉంటే క్షేమం, నల్లబడితే ఆ పూటే సర్జన్‌ను కలవాలి.

మామూలుగా మూడు నాలుగు రోజులు నిలిచే ప్లేటు ఏప్రిల్, మే నెలల చెమటకు ముందే అంచులు లేస్తుంది. నూనె, జిడ్డు సబ్బు తగలనీయకుండా ఉత్త నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక అంటిస్తే కొంత నయం. మూడో వంతు నిండగానే సంచి ఖాళీ చేస్తే బరువుకు ప్లేటు లాగదు. వాయువు పోయే ఫిల్టరు తడిస్తే పనిచేయదు; ఉల్లి, క్యాబేజీ తిన్న రోజున ఆ లోటు బాగా తెలుస్తుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది స్టోమా నర్సు సహాయం. శస్త్రచికిత్సకు ముందే నన్ను కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని, పంచె ఎక్కడ కడతానో అడిగి, ముడతలు పడని చోట గుర్తు పెట్టారు. పంచె కట్టు ఇప్పటికీ స్టోమా మీద పడదు. ఇలాంటి ప్రత్యేక వైద్యం కోసం మా ఉత్తరాంధ్ర వారికి విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరవుతుంది. మలంలో రక్తం పడితే మొలలనుకుని నాటుమందుతో నెట్టుకొచ్చేవారు మా వైపు ఇంకా ఉన్నారు, వారిని చూస్తే బాధ కలుగుతుంది. కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలొనోస్కోపీ పరీక్షలో, కణితి ఇంకా పాలిప్ దశలో, అంటే క్యాన్సర్‌గా మారని చిన్న కండగా ఉండగానే పట్టుబడితే దాన్ని అక్కడికక్కడే తీసివేయవచ్చు.

ప్లేటు కదపకుండా సంచి మార్చుకునే వీలున్నందున నేను విడి రకాన్నే కొంటున్నాను. బట్టల కింద ఎత్తుగా కనిపించని కలిసిన రకాన్ని పెళ్లిళ్లకు, దూర ప్రయాణాలకు ఉంచుకున్నాను.