మనాలి ప్యాకేజీలో ‘5 రాత్రులు’ అంటే హోటల్లో మూడే: అడ్వాన్స్ కట్టేముందు చదవండి

సెలవులు దగ్గరపడితే చాలు, అమీర్‌పేట గోడల మీద, వాట్సాప్ గ్రూపుల్లో ఇదే ప్రకటన: ‘కసోల్–మనాలి, 6 పగళ్లు 5 రాత్రులు, ఢిల్లీ టు ఢిల్లీ, పది వేల లోపే’. నగరంలో ఒక ఏజెన్సీ అమ్మిన ఇలాంటి ప్యాకేజీలో వెళ్లిన బ్యాచ్ లబోదిబోమంటోంది. అబద్ధమంతా లెక్కలోనే ఉంది.

ఢిల్లీ నుంచి మనాలి సుమారు 530 కిలోమీటర్లు, బస్సులో 12 నుంచి 14 గంటలు. మొదటి రాత్రి బస్సులోనే, ఐదో రాత్రీ బస్సులోనే. రెండో రోజు పొద్దున దిగినా మధ్యాహ్నం దాకా రూము ఇవ్వరు. ఐదో రోజు పదింటికల్లా ఖాళీ చేయించి, సాయంత్రం బస్సు దాకా బ్యాగులతో లాబీలో కూర్చోబెడతారు. పూర్తిగా చేతికొచ్చే పగళ్లు రెండే. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రానూపోనూ రైలు ఖర్చు మళ్లీ మనదే, ఒక్కో వైపు ఒక రోజు పోతుంది.

రెండో మెలిక మనాలి పైనున్న రోహ్‌తంగ్. 3,978 మీటర్ల ఎత్తున్న ఆ కనుమకు బండికి ముందే ఆన్‌లైన్ పర్మిట్ తీయాలి. రోజుకు 1,200 వాహనాలకే ఇస్తారు. మంగళవారం మరమ్మతుల కోసం మూసేస్తారు, చలికాలంలో మంచుకు దారే ఉండదు. ఏజెంటు ‘రోహ్‌తంగ్’ అని రాసి, అక్కడికెళ్లాక పర్మిట్ దొరకలేదంటూ అటల్ టన్నెల్ దాటించి అవతలి ఊరు సిస్సులో ఫొటోలు దిగమంటాడు. 2020లో తెరిచిన ఆ టన్నెల్‌కు పర్మిట్టే అక్కర్లేదు, అంటే అతనికి ఖర్చు లేదు. సిస్సు బాగానే ఉంటుంది లెండి, కానీ డబ్బు తీసుకున్నది దానికి కాదు.

‘మాల్ రోడ్డు (ఊళ్లో ప్రధాన బజారు) దగ్గర హోటల్’ అంటే హోటల్ పేరు అడిగి మ్యాప్‌లో దూరం చూసుకోండి. ‘లేదా అదే స్థాయి హోటల్’ అని రాసి ఉంటే పేరు చెప్పనట్టే. షిమ్లా కూడా కలిపితే ఇంకో సంగతి: అక్కడ మాల్ రోడ్డుకు టూరిస్టు బండ్లు రానివ్వరు, కింద కార్ట్ రోడ్డులో దిగి సామాను మోసుకుంటూ లిఫ్టులోనో మెట్లెక్కో పోవాలి.

వోల్వో అని చెప్పి టెంపో ట్రావెలర్ పంపితే ఎంత వాపసు ఇస్తారు, 5 శాతం జీఎస్టీ కలిపారా లేదా, కొండచరియలు పడి రోడ్డు మూసేస్తే డబ్బు సంగతేంటి, ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. వానాకాలంలో మండి–కులు మధ్య రోడ్డు తరచూ ఆగిపోతుంది. అందుకే ఆరో రోజు పొద్దుటికే తిరుగు రైలు పెట్టుకోవద్దు.

అడ్వాన్స్ సంస్థ పేరున్న ఖాతాకే వేయండి. వ్యక్తి పేరు మీద క్యూఆర్ పంపితే ఆగిపోండి. డబ్బు వేశాక ఫోను స్విచాఫ్ వస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ప్రయాణం జరిగి సేవల్లో కోత పెడితే 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పుడు పనికొచ్చేది ఆ పాంప్లెట్టూ, చాట్ స్క్రీన్‌షాట్లే.