బెనిషాన్ టెంక నాటాలా, అంటు మొక్క కొనాలా: ఏది మేలు?

ఎండాకాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో బెనిషాన్ మామిడి తిన్న ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: కాయ ఇంత తీపిగా ఉంది, టెంక పారేయడం దేనికి, పెరట్లో పాతితే పోలా? నర్సరీలో అంటు మొక్కకు డబ్బు పెట్టాలి, టెంకకు పైసా ఖర్చు లేదు. అయితే ఆ టెంకకు బెనిషానే కాస్తుందన్న గ్యారంటీ లేదు. ఎందుకో తెలియాలంటే పూత దాకా వెళ్లాలి.

మామిడి ఆకులో, బెరడులో, వేరులో మామూలు కణానికి 40 క్రోమోజోములు (గుణాలను మోసే పోగులు), అంటే 20 జతలు. పూమొగ్గలో పుప్పొడి, అండం తయారయ్యే చోట మాత్రం క్షయకరణ విభజన, అంటే క్రోమోజోముల లెక్కను సగం చేసే విభజన, జరుగుతుంది. ముందు ప్రతి క్రోమోజోముకూ ఒక నకలు తయారవుతుంది. తర్వాత జతలోని రెండూ పక్కపక్కన చేరి, కొన్ని ముక్కలు ఇచ్చిపుచ్చుకుని, చెరోవైపు పోతాయి. లెక్క సగమయ్యేది ఇక్కడే. రెండో విడతలో నకళ్లు విడిపోతాయి. చివరికి ఒక కణం నుంచి నాలుగు, ఒక్కోదాంట్లో 20. ఇలా సగం కాకపోతే పిల్లమొక్కకు 80, దాని పిల్లకు 160 అవుతూ పోయేవి.

సగమవడం సరే, ఏ సగం? జతలో ఏది ఎటు పోతుందన్నది ఏ జతకు ఆ జతే. 20 జతలకు లెక్క కడితే 10,48,576 రకాల కలయికలు. ముక్కల మార్పిడి దీనికి అదనం. పైగా మామిడిలో జతలోని రెండూ చాలా చోట్ల ఒకేలా ఉండవు. అందుకే బెనిషాన్ పూత మీద బెనిషాన్ పుప్పొడే పడినా, పుట్టే మొక్క తల్లిలాగే ఉండాలని లేదు. మరి కాయ తీపి సంగతి? మనం తినే గుజ్జు పూర్తిగా తల్లి చెట్టు కణాలే. టెంక లోపలి జీడిలో ఉన్న పిల్లమొక్క ఒక్కటే కొత్త తరం. గుజ్జు రుచి చూసి జీడి గుణం చెప్పడం కుదరదు.

అంటులో ఈ గొడవ లేదు. బెనిషాన్ పుల్లను టెంక మొక్క మీద కడతారు. పుల్ల పెరిగేది సమవిభజనతో, అంటే లెక్క మారని మామూలు విభజనతో, 40 నుంచి 40. కాయ అదే, రుచి అదే. మూడు నాలుగేళ్లలో కాపుకొస్తుంది. టెంక మొక్కకు అంతకు రెట్టింపు కాలం పట్టొచ్చు, అప్పటికీ పుల్లటి పీచుకాయ కాస్తే ఎవరిని అడగాలి? 200 గజాల ఇంట్లో ఒక్క చెట్టుకే చోటున్నవాళ్లు అంటు మొక్కే కొనాలి. నాకైతే ఇందులో రెండో ఆలోచన లేదు.

టెంకను తీసిపారేయడానికీ లేదు. అంటు కింది భాగం టెంక మొక్కే. బెనిషాన్ కూడా ఒకనాటి టెంకలోంచి వచ్చిందే. సంగారెడ్డి పరిశోధనా స్థానంలో రుమాని, నీలం రకాలను కలిపి మంజీర అనే కొత్త రకం తీశారంటే, ఈ కలగాపులగం వల్లే సాధ్యమైంది. ఊళ్లో పొలం గట్టుండి, నీడ చాలు, కాయ ఎలా ఉన్నా సరే అనుకుంటే టెంకే నాటండి. చెట్టు పెద్దదవుతుంది, వేరు లోతుకు దిగుతుంది.

మధ్యేమార్గం ఒకటుంది గానీ బెనిషాన్‌కు పనికిరాదు. కేరళ ఒలూర్ లాంటి రకాల్లో ఒకే టెంక నుంచి రెండు మూడు మొలకలొస్తాయి. వాటిలో చాలావరకు తల్లి కణజాలం నుంచే పుడతాయి, క్రోమోజోములు సగమయ్యే పనే ఉండదు కనుక తల్లిలాగే వస్తాయి.

అంటు కొనేటప్పుడు కాండం మీద అతికిన ముడి చూసుకోండి. నాటాక ఆ ముడి కింద నుంచి చిగుళ్లొస్తే వెంటనే గిల్లేయాలి. అవి టెంక మొక్కవి. వదిలేస్తే పైనున్న బెనిషాన్‌ను మింగేస్తాయి.