పిల్లల గదిలో లాగుడు మంచం: ఐదున్నరేళ్ల వాడకం తరువాత

విజయవాడలో మేముంటున్న ఫ్లాటులో పిల్లల గది పొడవు తొమ్మిది అడుగులు, వెడల్పు ఎనిమిది అడుగులు. అందులోనే ఇద్దరు పిల్లలు పడుకోవాలి, చదువుకోవాలి, వాన పడే రోజుల్లో ఆడుకోవాలి. 2019 డిసెంబరులో, అమ్మాయికి ఎనిమిదేళ్లు, అబ్బాయికి నాలుగేళ్లు ఉన్నప్పుడు, వడ్రంగి మేస్త్రీ చేత ఇంట్లోనే లాగుడు మంచం చేయించాము. పై మంచం కింద చక్రాల మీద మరో మంచం ఉంటుంది. రాత్రి దాన్ని బయటికి లాగుతాము, పొద్దున్నే లోపలికి తోసేస్తాము. కొట్లలో ట్రండల్ బెడ్ అంటున్నది దీన్నే. బంకు మంచం గురించి కూడా ఆలోచించాము గానీ, మా స్లాబు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులే కావడంతో, పైన లేచి నిలబడిన పిల్లల చేయి ఫ్యాను రెక్కలకు తగులుతుందన్న భయం వల్ల ఆ ఆలోచన మానుకున్నాము.

మేస్త్రీ రాకముందే నేను సుద్దముక్కతో నేల మీద రెండు మంచాల కొలతలూ గీసి, ఆ గీతల మధ్య రెండు రోజులు నడిచి చూశాను. ఈ మంచం విషయంలో నేను చేసిన మంచి పని అదే. పై మంచం పొడవు ఆరడుగుల మూడంగుళాలు. తొమ్మిది అడుగుల్లో అది పోగా మిగిలింది రెండడుగుల తొమ్మిదంగుళాలు. లోపలికి తెరుచుకునే తలుపు రెక్క వెడల్పు రెండున్నర అడుగులు. అంటే కింది మంచం లాగి ఉన్నా తలుపు మూడంగుళాల తేడాతో తెరుచుకుంటుంది. మంచం అర అడుగు పొడవు పెరిగి ఉంటే రాత్రిపూట తలుపు పూర్తిగా తెరుచుకునేది కాదు. వెడల్పులో రెండు మంచాలూ కలిసి ఆరడుగులకు కాస్త తక్కువ ఆక్రమిస్తాయి కాబట్టి మిగిలిన రెండడుగుల దారిలో బల్ల, కుర్చీ పెట్టకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాము. చదువుకునే బల్లను గోడకు మడిచే పలకగా చేయించాము.

గది గోడ వెనుక స్నానాలగది ఉంది కాబట్టి ఐఎస్ 710 గుర్తున్న, నీటికి తట్టుకునే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీట్లు మూడు తెప్పించాము. పరుపులు కాకుండా కూలీతో కలిపి అప్పట్లో 26 వేల రూపాయలైంది. ఐదు వర్షాకాలాలు గడిచినా ఎక్కడా పొర లేవలేదు, అంచులు ఉబ్బలేదు. కొట్లలో చూసిన రెడీమేడ్ మంచాల్లో చాలావరకు రంపపు పొట్టుతో ఒత్తి చేసిన బోర్డువే. రోజూ లాగి తోసే వస్తువుకు ఆ బోర్డులో మర (స్క్రూ) పట్టు నిలవదని నా నమ్మకం.

ఎక్కువ తిప్పలు పెట్టినవి చక్రాలు. మేస్త్రీ నాలుగు మూలలా నాలుగు నైలాన్ చక్రాలు, అవీ చుట్టూ తిరిగే రకం, బిగించాడు. “తిరిగే చక్రమైతే ఎటు కావాలంటే అటు లాగొచ్చమ్మా” అన్నాడు, నేనూ సరేనన్నాను. కానీ లాగుడు మంచం ఎటు పడితే అటు పోవలసింది కాదు; తిన్నగా బయటికి వచ్చి, తిన్నగా లోపలికి పోవాలి. తోసేటప్పుడు ఒక చక్రం అడ్డం తిరిగితే చాలు, మంచం ఒక పక్కకు ఒరిగి పై మంచం కోళ్ల మధ్య ఇరుక్కునేది. నైలాన్ చక్రం టైల్స్ అతుకుల మీదుగా వెళ్లినప్పుడల్లా చేసే కటకట శబ్దానికి అప్పుడే నిద్రపట్టిన పిల్లవాడు లేచి కూర్చునేవాడు. పైగా ఆరడుగుల పలకకు మధ్యలో ఆధారం లేక, ఏడాది తిరిగేసరికి నడుము దిగింది. పద్నాలుగు నెలలకు అవన్నీ తీయించి, ఒకే దిశలో దొర్లే రెండంగుళాల రబ్బరు తొడుగు చక్రాలు ఆరు వేయించాము. మధ్య రెండూ దిగుడును ఆపాయి. పిల్లలు దూకడం వల్ల మామూలు మరలు వదులవుతున్నాయని, ఈసారి పలకకు రంధ్రం వేసి నట్టూ బోల్టుతో బిగించాడు. అప్పటినుంచి చక్రాల జోలికి పోవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు పదేళ్ల మా అబ్బాయి ఒంటిచేత్తో లాగుతాడు.

ఎత్తు లెక్క కూడా ముందే కాగితం మీద వేసుకోవాలి. చక్రం, దాని పట్టీ కలిపి రెండున్నర అంగుళాలు, పలక ముప్పావు అంగుళం, పరుపు నాలుగంగుళాలు; మొత్తం ఏడుంపావు. పై మంచం పట్టె కింది అంచు నేలకు తొమ్మిదంగుళాల ఎత్తున ఉంది. అంటే ఖాళీ అంగుళంముప్పావు మాత్రమే. దుప్పటి పరిచి ఉంచినా లోపలికి పోతుంది గానీ, తలగడ, చలికాలపు బొంత పెడితే పట్టెకు తగిలి ముందుకు జారిపోతాయి. అందుకని రోజూ పొద్దున్న వాటిని తీసి పై మంచం మీద పెట్టవలసి వస్తోంది. చిన్న పనే, కానీ ఐదున్నరేళ్లుగా ప్రతి పొద్దునా చేస్తున్న పని.

కింది మంచానికి మొదట దూది పరుపు కుట్టించాము. పగలంతా గాలి ఆడని చోట ఉండడంతో మొదటి శ్రావణంలోనే ముక్క వాసన వేసింది. డాబా మీద ఎండబెడదామంటే ఆ బరువు ఇద్దరం మోయాల్సి వచ్చింది. తరువాత నాలుగంగుళాల ఫోమ్ పరుపు కొని, కింది పలకకు అంగుళం బెజ్జాలు ఇరవై నాలుగు కొట్టించాము. ఇప్పుడు వారానికొకసారి మంచాన్ని పూర్తిగా బయటికి లాగి, పరుపును గోడకు నిలబెట్టి, నేలను తడిగుడ్డతో తుడిస్తే వాసన రావడం లేదు. వారం తప్పితే మాత్రం వెనుక గోడ మూలన దుమ్ము ఉండలు కడుతుంది. దుమ్ము పడని పిల్లలున్న ఇంట్లో ఈ సంగతి గట్టిగా ఆలోచించుకోవాలి.

మొదటి నెలలోనే మా వాడు ముందు పలక పై అంచు పట్టుకుని తోస్తుండగా వేళ్లు పట్టెకూ పలకకూ మధ్య నలిగాయి. గోరు నల్లబడి, ఊడి, కొత్తది వచ్చేదాకా నాకు మనసు మనసులో లేదు. ఆ వారమే ముందు పలక మధ్యలో చేయి దూరేలా రెండు కన్నాలు కోయించి, అంచులు గుండ్రంగా నునుపు చేయించాను. బయటికి పొడుచుకువచ్చే పిడి పెట్టించలేదు, నడిచేటప్పుడు కాళ్లకు తగులుతుంది. వెనుక గోడకు కొట్టుకోకుండా రబ్బరు బిళ్లలు అంటించాము. ఇలాంటివి చేయించేవారు మొదటి రోజే పిల్లల వేళ్లు ఎక్కడెక్కడ పడతాయో చూసుకోవాలని కోరుతున్నాను.

వేసవిలో మా అత్తగారు వచ్చినప్పుడు పై మంచం ఆవిడది. మోకాళ్ల నొప్పి ఉన్నవారు ఏడంగుళాల ఎత్తు నుంచి లేవలేరు. పై పరుపు పద్దెనిమిదిన్నర అంగుళాల ఎత్తున ఉండడం వల్ల కాళ్లు నేలకు ఆనించి సులువుగా లేస్తారు. పిల్లలిద్దరూ కింది మంచం మీద సర్దుకుంటారు, ఆ రాత్రులు కథలు ఆలస్యంగా ముగుస్తాయి. దోమతెర మాత్రం రెండు మంచాలకూ కలిపి కట్టడం కుదరలేదు, కిటికీలకు జాలీ వేయించాము.

మొన్న హైదరాబాదులో మా తమ్ముడు వాళ్ల పాపకు ఇలాంటిదే చేయిస్తానంటే, కొలతల కాగితం తీసి ఫొటో పంపాను. అందులో ఒకే ఒక్క అంకె దిద్దాను: పై మంచం పట్టె తొమ్మిదంగుళాలు కాదు, పదకొండు. ఆ రెండంగుళాలు పెంచితే వాళ్ల బొంత, తలగడ మంచంతోపాటే లోపలికి పోతాయి.