పిల్లల దగ్గుకు తేనె తులసా, వాము ఆవిరా?

రాయగడ, గుణుపురం వైపు మన ఇళ్లలో చలికాలం వస్తే ఇదే పంచాయితీ.

ఖర్చు: తులసి పెరట్లోదే, తేనె కొనాలి. వాము ఎలాగూ పోపులపెట్టెలో ఉంటుంది.

శ్రమ: తేనె పడుకునే ముందు అర చెంచా నాకిస్తే చాలు. ఆవిరికైతే పిల్లాణ్ణి దుప్పటి కింద కూర్చోబెట్టడం అదో యుద్ధం.

రిస్క్: ఏడాదిలోపు పసివాళ్లకు తేనె చుక్క కూడా వద్దు. బాట్యులిజం (ఒళ్లు చచ్చుబడేసే ప్రమాదకరమైన జబ్బు) రావచ్చు, వేడి చేసినా ఆ భయం పోదు. ఇక మరుగు నీళ్ల గిన్నె ఒలికిందంటే ఒళ్లు కాలుతుంది. చిన్నపిల్లల విషయంలో నా ఓటు ఆవిరికి లేదు, అమ్మమ్మలు తిట్టినా సరే.

ఏడాది దాటి రాత్రిళ్లు దగ్గుతుంటే తేనె. ముక్కు దిబ్బడేసిన పెద్దవాళ్లకైతే ఆవిరి. పసిబిడ్డకు తల్లిపాలు, ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు.

డొక్కలెగరేస్తున్నా, ఊపిరి నిమిషానికి 2–11 నెలల బిడ్డకు 50, 1–5 ఏళ్ల పిల్లలకు 40 చేరినా రెండూ పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి.