వరద తర్వాత సంపు కడిగించడం: చెన్నైలో ఒక జట్టు పనితీరు

చెన్నైలో వరద తీసిన మర్నాడే అపార్ట్‌మెంటు గేట్లకు సంపు క్లీనింగ్ కాగితాలు అంటిస్తారు. ఇక్కడ చెప్పేది తిరువాన్మియూర్, నీలాంగరై, వేలచ్చేరి వైపు తిరిగే నలుగురు మనుషుల జట్టు పని గురించి. పేరు అక్కర్లేదు, ఊళ్లో చాలా జట్లు ఇదే సామానుతో, ఇదే వరసలో చేస్తాయి. మామూలు రోజుల్లో ఏడాదికోసారి పిలిపించుకోడానికి వీళ్ల పని నిక్షేపంలా ఉంది. సముద్రపు నీరు కలిసిన వరద తర్వాత మాత్రం వాళ్లకు వదిలేసి లోపలికి వెళ్లిపోతే చాలదు. పక్కన నిలబడి కొన్ని పనులు అడిగి చేయించుకోవాలి.

తేడా అంతా నీటిలో ఉంది. వాన వరద బురద తెస్తుంది, ఉప్పెన నీరు బురదతో పాటు ఉప్పు తెస్తుంది. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుపాను చెన్నై పక్కగా పోయి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజుల్లో సముద్రం ఎగసి ఉండి, నదుల మొగల దగ్గర వరద నీటిని లోపలికి తీసుకోలేదు. ఊళ్లో కాలువలు వెనక్కి తన్నాయి. ఉత్తర చెన్నైలోని ఎన్నూర్ వైపు ఆ నీటిలో చమురు కూడా కలిసింది. అంటే తీరం దగ్గరి సంపులోకి దిగేది బురద, మురుగు, ఉప్పు, కొన్నిచోట్ల నూనె. బ్లీచింగ్ చల్లితే చచ్చేది మురుగులోని క్రిములు మాత్రమే. మిగతా మూడూ ఉన్నచోటే ఉంటాయి.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 10,000 లీటర్ల సంపులో 100 లీటర్ల సముద్రపు నీరు మిగిలిపోయినా టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల లెక్క, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 350 దాకా పెరుగుతుంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ఒప్పుకోదగిన హద్దు 500. ఈ లెక్క ఒక్కసారి చెబితే జట్టు మేస్త్రీ వాదించకుండా రెండోసారి కడగడానికి ఒప్పుకుంటాడు.

అన్నిటికంటే పెద్ద లోపం వీళ్ల తొందర. వరద తగ్గిన రోజే వచ్చి సంపు మొత్తం తోడేస్తామంటారు. ఒప్పుకోవద్దు. నేల ఇంకా నీటితో నిండి ఉన్నప్పుడు సంపు ఖాళీ చేస్తే, లోపలి 10 టన్నుల బరువు పోయి బయటి నీరు అడుగు నుంచి పైకి తోస్తుంది. పాతిన ప్లాస్టిక్ ట్యాంకులైతే పడవలా పైకి లేస్తాయి. ఇటుక గోడల సంపు అడుగు పగులుతుంది. కాంక్రీటు సంపుకు కూడా గోడ, అడుగు కలిసే మూలలో వెంట్రుకంత చీలిక పడుతుంది, ఆ తర్వాత ప్రతి వానకూ మురుగు అక్కడి నుంచే ఊరుతుంది. సంపు పక్కన మోకాలి లోతు గొయ్యి తీసి గంట ఆగండి. గోతిలో నీరు ఊరితే ఆ రోజు పని వద్దు. అంతవరకు సంపు నీరు వాడకుండా లారీ నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోవడమే దారి. ఆగలేని పరిస్థితి అయితే మూడో వంతు మాత్రమే తోడించి, మంచినీళ్లు నింపి, మళ్లీ తోడించాలి.

ఇక కడిగే పని దగ్గర వీళ్లను మెచ్చుకోవాలి. ముందు మెయిన్ ఆపి మోటారు ఫ్యూజు తీసి జేబులో వేసుకుంటారు. మడ్డి పంపుతో బురద నీరు తోడి, మిగిలిన ఒండ్రు బకెట్లతో ఎత్తి, జెట్ మిషనుతో పైనుంచి కిందికి కొడతారు, చివర వాక్యూమ్‌తో అడుగు తుడుస్తారు. వరస సరైనదే. బురద ఉండగా వేసిన క్లోరిన్‌ను బురదే తినేస్తుంది కాబట్టి ముందు కడిగి తర్వాతే మందు. కానీ రెండు చోట్లు వదిలేస్తారు. ఒకటి, మూత అంచు కింది గాడి. టార్చి వేసి చూస్తే వేలు మందాన బూడిద రంగు బురద అక్కడ అలాగే ఎండి ఉంటుంది, మొదటి వానకు లోపలికి జారుతుంది. రెండు, మోటారు నీళ్లు పీల్చే గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వు జల్లెడ. బయటికి తీసి తిప్పితే రంధ్రాల్లో పిండిలాంటి సన్నటి ఒండ్రు పేరుకుని ఉంటుంది. విప్పి, బ్రష్షుతో రుద్ది, వాషరు మార్పించండి. ఆ ఒండ్రు ఉండగా మోటారు వేస్తే లోపల నీటిని తోసే చక్రం, ఇంపెల్లరు, అరుగుతుంది.

నీటి మీద రంగుల పొర కనిపిస్తే తోడకముందే చెప్పాలి. తోడేటప్పుడు మట్టం దిగేకొద్దీ నూనె గోడలకు అంటుకుంటుంది. పీల్చే గుడ్డలతో పైపొర ఎత్తేసి, తర్వాత తోడి, సబ్బు నీళ్లతో రుద్దాలి.

మందు దగ్గర వీళ్లది ఊహ లెక్క, రెండు గుప్పెళ్లు చల్లి అయిందంటారు. సరైన లెక్క ఇది: వరద నీరు పట్టిన సంపుకు లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే 10,000 లీటర్లకు కిలోన్నర. చెమ్మ తగిలి గడ్డ కట్టిన పౌడరులో సత్తువ ఉండదు, కొత్త ప్యాకెట్టు మీ ముందే విప్పించండి. బకెట్టు నీళ్లలో కలిపి, సున్నం పేరుకోనిచ్చి, పై తేట మాత్రమే నీళ్లు నింపిన సంపులో పోయాలి. ఆ నీటినే ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, ప్రతి కుళాయి తిప్పి, వాసన రాగానే కట్టేసి రాత్రంతా వదిలేయాలి. దానికి ముందు ఆర్‌వో మిషను వాల్వు కట్టేయండి, అంత క్లోరిన్‌కు లోపలి వడపోత పొర (మెంబ్రేన్) పాడైపోతుంది. తెల్లారి ఆ మందు నీరంతా పారబోసి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగించాలి. ఉప్పు వదిలేది ఈ రెండో కడుగుకే, దాన్నే వీళ్లు ఎగ్గొట్టాలని చూస్తారు.

గోడ మరకలకు యాసిడ్ పోస్తామంటే గట్టిగా వద్దనండి. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే విషవాయువు పుడుతుంది, మూతలోంచి ఒక్క మనిషే దిగగలిగే చోట అది ప్రాణాంతకం.

మనుషుల రక్షణలో ఈ జట్టుకు సగం మార్కులే. లోపలికి గాలి కొట్టే బ్లోయరు తెస్తారు, తాడూ బెల్టూ తెస్తారు, గాలి కొలిచే మీటరు మాత్రం లేదు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే దిగకూడదు. ఇది ముక్కుతో తెలిసేది కాదు, కొవ్వొత్తి దించి చూడటం ఇంకా ప్రమాదం. మీటరు అద్దెకు తెమ్మని బుకింగ్ రోజే చెప్పండి. పెట్రోలుతో నడిచే నీళ్ల పంపును సంపు పక్కన పెట్టనివ్వద్దు, దాని పొగ నేరుగా లోపలికే దిగుతుంది. "సెప్టిక్ ట్యాంకు కూడా చేసేస్తాం సార్" అంటారు. దానికి మురుగు తోడే లారీనే పిలవాలి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్‌లోకి దింపడం మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఆ నేరం కంటే ముందు, కింద ఉన్నది ఒక ఇంటికి తిరిగి వెళ్లాల్సిన మనిషి.

బోరు శుభ్రం చేస్తామని వేరే డబ్బు అడుగుతారు, అది దండగ. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు 6.5 లీటర్ల నీరుంటుంది. 100 అడుగుల నీటికి 100 గ్రాముల బ్లీచింగ్ చాలు, మీరే చేసుకోవచ్చు. ఆ మర్నాడు టీడీఎస్ మీటరు చూస్తూ తోడాలి. అంకె ఒకచోట నిలబడేదాకా తోడటమే బోరుకు వైద్యం. ఉప్పు నీటిలో మునిగిన మోటారును మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మెగ్గరు (వైండింగు ఇన్సులేషను కొలిచే మీటరు) పరీక్షలో కనీసం 1 మెగోమ్ చూపాకే స్విచ్ వేయాలి.

జట్టు వెళ్లేలోపు ఒక పరీక్ష ఒప్పించుకోండి. సంపు సగం నింపి, మోటారు ఆపి, మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీసి టీడీఎస్ రాసిపెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగితే చీలిక ఉంది. మట్టం గానీ టీడీఎస్ గానీ పెరిగితే నేల నీరు లోపలికి వస్తోంది, అప్పుడు కావాల్సింది క్లీనింగ్ కాదు, వాటర్‌ప్రూఫింగ్ మేస్త్రీ. తాగడానికి వాడేముందు క్లోరోస్కోపులో (నీటిలో క్లోరిన్ కొలిచే కిట్టు) లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ నిలుస్తోందో లేదో చూడాలి. హెచ్‌టూఎస్ (మురుగు క్రిములుంటే నల్లబడే) సీసాలో నీళ్లు పట్టి రెండు రోజులు ఉంచండి. నల్లబడితే మందు మళ్లీ వేయాలి.

ఈ జట్టుకు మార్కులు: కడగడానికి 5కు 4, మందు లెక్కకు 2, రక్షణకు రెండున్నర. డబ్బులు లీటర్ల లెక్కన తీసుకుంటారు. ఎత్తిన బురద ఎవరు తీసుకెళ్లాలో, రెండో కడుగు అందులో ఉందో లేదో రసీదు మీద రాయించుకోండి. సగం డబ్బు ముందు, మిగతా సగం తెల్లారి సుద్ద గీత చూశాక.