సంగటి ఆవిరి పోకముందే ఫొటో తీసే మనిషి: కడపలో మా మూడేళ్ల అనుభవం

కడప ఏడు రోడ్ల దగ్గర మాది చిన్న భోజన హోటలు, పైన పన్నెండు గదుల లాడ్జి. గండికోటకు, ఒంటిమిట్టకు వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్లో ఫొటోలు చూసే గది బుక్ చేస్తారు.

మొదట మా వంటలు, గదుల ఫొటోల పని పెళ్లిళ్లు తీసే ఒకాయనకు ఇచ్చినాం. పెళ్లి ఆల్బమ్‌లు బ్రహ్మాండంగా చేస్తాడు. కానీ నాటుకోడి పులుసు మీద నేరుగా ఫ్లాష్ కొట్టినాడు. పైన తేలిన నూనె తెల్లగా మెరిసి ముక్కలే కనపడలేదు. గదులేమో బాగా వెడల్పు లెన్సుతో తీసినాడు, పదడుగుల గది హాలంత అయిపోయింది. బెంగళూరు నుంచి కుటుంబంతో వచ్చిన ఒక పెద్దాయన తలుపు దగ్గరే నిలబడి, "ఫొటోలో ఉండే గది ఇదేనా నాయనా?" అని అడిగినాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు మూడేళ్లుగా తీస్తున్న అమ్మాయి కెమెరా బయటికి తీయకముందు ఒక పూట మా దగ్గర భోంచేసింది. వంటింట్లో ఏది ఎన్ని గంటలకు దిగుతుందో రాసుకుంది. సంగటి ముద్ద కట్టినాక ఆవిరి ఉండేది కొద్ది నిమిషాలే, తర్వాత పైపొర ఆరి బీటలిస్తుంది. అందుకని ముందు ఖాళీ ప్లేటు పెట్టి, కిటికీ వెలుతురుకు కెమెరా సరిచేసుకుని, వెనక నల్లగుడ్డ కట్టించి, అప్పుడు "ముద్ద తెండి అన్నా" అని కేకేసింది. గుంటలో నెయ్యి కరుగుతుండగానే ఫొటో అయిపోయింది. నల్లగుడ్డ ముందర ఆవిరి పోగులు పోగులుగా కనిపించింది. ట్యూబులైట్లన్నీ ఆర్పించింది. ఆ వెలుగు, పగటి వెలుగు కలిస్తే తెల్లన్నం కూడా ఆకుపచ్చగా పడుతుందని చెప్పింది. ఎర్రకారం దోశకు లేని ఎరుపు పూయలేదు.

లోటు లేకపోలేదు. ఫొటోలు చేతికి రావడానికి మూడు వారాలు పడుతుంది. శ్రీరామనవమికి ఒంటిమిట్ట రద్దీలోపల కావాలంటే నెల ముందే చెప్పాల. ఆమె తీసే వీడియోలు మాత్రం అంతంత మాత్రమే.

కొత్తగా వెతుక్కునేవాళ్లు ఏరి పెట్టిన పది ఫొటోలు చూసి మాట్లాడుకోవద్దు. ఒక హోటలుకు అప్పగించిన మొత్తం ఫొటోలు అడగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు వేరే ఒప్పందం లేకుంటే తొలి హక్కు తీయించుకున్నవాళ్లదే. మొదటిసారి నేను హక్కు తీసినాయనదేనని రాసిన ఒప్పందం మీద చదవకుండా సంతకం పెట్టి, అవే ఫొటోలు మెనూ కార్డు మీద వేసుకోవడానికి మళ్లీ డబ్బు కట్టినా.

ఇప్పుడు మా గది ఫొటోలో మంచం పక్కనున్న ఇరుకు కూడా కనిపిస్తుంది. ఈ ఏడాది గది చూసి వెనక్కి పోయినవాళ్లు లేరు. వచ్చే నెల కొత్త మెనూకు మళ్లీ ఆమెకే చెప్పినా.